ఎదురు నడిచిన బత్తాయిలు

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈ మధ్య ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏదండీ?" అని అడిగారు. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు నేను. "బత్తాయిల కేసు" అన్నాను. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. పళ్ళ మీద మందు కొట్టిన వ్యవహారమేమో అనుకున్నారట. కాదు నాయనా, సముద్రంలోకి వదిలే నీళ్ళ వ్యవహారం అన్నాను. అలా మొదలుపెట్టి కాఫీలు చల్లారిపోయేదాకా చెప్పాను. చెబుతూ చెబుతూ లేచి నిలబడ్డానని మా ఆవిడ తర్వాత నవ్వింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కూర్చోలేను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. కాలుష్యం సంగతి చూసే ప్రభుత్వ ఆఫీసులో ల్యాబ్ అటెండరుగా చేరాను. సీసాలు కడిగి కడిగి, చివరికి నీళ్ళ శాంపిళ్ళు తీసే ఫీల్డ్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మిగిలిన చదువంతా వన్ టౌన్‌లో ఒక శాఖా గ్రంథాలయంలో జరిగింది. కింద ఎండు మిరపకాయల గోడౌను, పైన గ్రంథాలయం. బస్తా దించినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి వచ్చేది. తుమ్ముతూ చదివాను, కళ్ళు తుడుచుకుంటూ చదివాను, కానీ చదివాను. భూమి గురించి, గాలి గురించి, సముద్రాల గురించి ఆ బీరువాల్లో ఏ పుస్తకం ఏ అరలో ఉండేదో ఇప్పుడు అడిగినా చెబుతాను. ఆఫీసులో నన్ను అందరూ 'లైబ్రరీ గారు' అనేవాళ్ళు. ఎగతాళికే అనేవాళ్ళు. నాకు మాత్రం బిరుదులాగే వినపడేది.

ఇక కేసు. డెల్టా చివర, సముద్రాన్ని ఆనుకుని ఒక పట్నం. పేరు చెప్పను. ఆ పట్నం మురుగునీరంతా ఒక ప్లాంటుకి చేరుతుంది. అక్కడ శుభ్రమై, క్రిములు చావడానికి బ్లీచింగ్ కలిపాక ఒక చెరువులో నిలవ ఉంటుంది. చెరువుకో గేటు. గేటు ఎత్తితే నీళ్ళు ఒక ఉప్పు కాలవలో పడతాయి. ఆ కాలవ ఒక చివర సముద్రం. రెండో వైపు, లోపలికి వెళ్తే, చేపలు పట్టుకుని బతికే ఒక చిన్న పల్లె, దాని రేవు. గేటు ఈ రెంటికీ మధ్యలో ఉంది.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఉప్పు కాలవ మన ఏలూరు కాలవ లాంటిది కాదు. సముద్రం లేచినప్పుడు నీళ్ళు లోపలికి వస్తాయి, దిగినప్పుడు బయటికి పోతాయి. అందుకే ప్లాంటుకి అనుమతి ఇచ్చేటప్పుడు మా ఆఫీసు ఒక షరతు పెట్టింది: నీళ్ళు సముద్రంలోకి పోతున్న వేళల్లోనే గేటు తెరవాలి, లోపలికి వస్తున్నప్పుడు మూసి ఉంచాలి. షరతు ఇంగ్లీషులో ఉంది. ప్లాంటు చూసే ఇంజనీరు ఒక అమ్మాయి. చురుకైన మనిషి, తన ప్లాంటంటే ప్రాణం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి అర్థం కావాలని ఆవిడ షరతును తెలుగులోకి మార్చి గేటు దగ్గర బోర్డు రాయించారు: 'ఆటు సమయంలో మాత్రమే గేటు తెరవవలెను.' ఎర్ర రంగు, గుండ్రటి అక్షరాలు. ప్రభుత్వపు బోర్డు మీద అంత అచ్చ తెలుగు చూసి నాకు ముచ్చటేసింది. ఫోన్లో ఫోటో కూడా తీసుకున్నాను.

ఫిర్యాదు పల్లె నుంచి వచ్చింది. రాతలో కాదు, గంపలో వచ్చింది. పల్లె నుంచి పామర్రు మార్కెట్‌కి పీతలు, పండుగప్ప చేపలు తీసుకెళ్ళి అమ్మే ఒకావిడ విజయవాడ బస్సెక్కి, మా ఆఫీసు ఎక్కడని అడుక్కుంటూ వచ్చి, మా ఆఫీసరు గారి బల్ల మీద గంప దించింది. తాడుతో కట్టిన బతికున్న పీతనొకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"వాసన చూడండయ్యా."

ఆఫీసరు గారు కుర్చీ వెనక్కి జరిపారు. "పీత వాసన పీతకి ఉంటుంది కదమ్మా."

"పీత వాసన నాకు తెలవదా బాబూ? నేను చెప్పేది మందు వాసన. బాత్రూముల్లో కొట్టే మందు. పామర్రులో నా గంప కాడికొచ్చి ముక్కు మూసుకుని పోతన్నారు. మురుగు పీతలంట. మా అత్త కూర్చున్న చోటే నేనూ కూర్చుంటన్నా. ఆ చోటు పోతే ఇంకోచోట నన్నెవరూ కూర్చోనీరు."

వాళ్ళ పద్ధతేమిటంటే, పట్టిన పీతల్నీ చేపల్నీ రేవు దగ్గరే కాలవ నీళ్ళలో వల గూళ్ళు కట్టి బతికించి ఉంచుతారు. తెల్లారి బస్సుకి తీసుకెళ్తారు. బతికున్న సరుకే పామర్రులో ఆవిడకున్న పేరు. కాలవ నీళ్ళకి వాసనొస్తే గూట్లో ఉన్న సరుకంతా ఆ వాసన పట్టేస్తుంది.

మా ఆఫీసరు గారు చెడ్డ మనిషి కాదు. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, పెద్ద చదువు చదివినవాడు, కాగితంలో ఉన్నదాన్ని దాటి ఒక్క అడుగు వేయని మనిషి. వెంటనే నన్ను పంపారు. నేను వెళ్ళి గేటు దగ్గర ఒక సీసా, రేవు దగ్గర ఒక సీసా నింపుకొచ్చాను. ల్యాబ్‌లో రెండూ పాసయ్యాయి. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ పాస్. వెళ్ళినప్పుడల్లా రేవులో నీళ్ళు తేటగా ఉండేవి. ఆవిడ నా చేతిలో సీసా వైపు, నా మొహం వైపు చూసి, "సీసాల బాబుగారూ, మీరు వచ్చినప్పుడల్లా నీళ్ళు బాగానే ఉంటన్నాయి. మీరు అటు పోగానే పాడవతన్నాయి" అనేది.

ఈ మాట ఆఫీసులో చెబితే మా ఆఫీసరు గారు నవ్వారు. "మనల్ని చూసి నీళ్ళు భయపడుతున్నాయేమో లైబ్రరీ గారూ. పైవాళ్ళు నెలాఖరులోగా ఫిర్యాదు మూసేయమంటున్నారు. ఇది మూస్తే గానీ ప్లాంటుకి కొత్త అనుమతి కదలదు."

కొత్త అనుమతి అంటే, పట్నం పెరిగింది కాబట్టి ప్లాంటు ఇప్పటికన్నా ఎక్కువ నీళ్ళు వదులుకోవచ్చు. సంగతి పీతలావిడకి ఫోన్లో చెప్పాను. "అయితే మా రేవు కూడా మూసెయ్యండి బాబూ, ఒక పనైపోద్ది" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో కూర్చున్నానే కానీ చదువు సాగలేదు. 'మీరు వచ్చినప్పుడు బాగుంటన్నాయి, పోగానే పాడవతన్నాయి.' కిటికీలోంచి చూస్తుంటే కింద సందులో ఒక తోపుడుబండి ఆటోకి అడ్డం పడింది. బండివాడు వెనక్కి తీస్తే గానీ ఆటో రాలేదు. ఆ గోల చూస్తూ ఉండగా తట్టింది. చప్టా! పల్లెకి వెళ్ళే దారి కాలవ పాయనొకదాన్ని చప్టా మీదుగా దాటుతుంది. సముద్రం లేస్తే చప్టా మునుగుతుంది. అందుకని మా జీపు ఎప్పుడూ నీళ్ళు దిగినప్పుడే దాటేది. నీళ్ళు లేచేలోపు తిరిగొచ్చేసేవాళ్ళం. అంటే ఇన్నిసార్లు వెళ్ళినా, లేచిన నీళ్ళలో ఆ రేవు ఎలా ఉంటుందో మా ఆఫీసులో ఒక్కరం కూడా చూడలేదు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మేం ఉన్నప్పుడు బాగుంటాయి, మేం పోయాక పాడవుతాయి.

మెట్లు రెండేసి చొప్పున దిగాను. సైకిల్ తాళం తియ్యడం మరిచిపోయి తొక్కబోయి పడ్డాను కూడా.

సరే, లేచిన నీళ్ళలో పాడవుతున్నాయే అనుకుందాం. ఎలా? కాలవ నీళ్ళు సముద్రంలోకి పోతున్న వేళే గేటు తెరుస్తున్నారు కదా. దీనికి నా దగ్గర సిద్ధాంతం ఉంది, పుస్తకంలోదే. బయటికి పోయిన నీళ్ళు దూరంగా పోకుండా కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గరే సుడి తిరిగి, సముద్రం లేచినప్పుడు దాంతో కలిసి వెనక్కి వస్తున్నాయి. ఎంత అందమైన సిద్ధాంతం! రుజువు చేసే మార్గం కూడా అదే పుస్తకంలో ఉంది. కొన్ని దేశాల్లో నీళ్ళ నడక చూడ్డానికి నారింజ జాతి పళ్ళు వదులుతారట. పండు దాదాపు మొత్తం మునిగి నెత్తి మాత్రం బయటపెట్టి తేలుతుంది. గాలి దాన్ని తోయలేదు, నీళ్ళు ఎటు పోతే అటే పోతుంది. కుళ్ళినా ఎవరికీ హాని లేదు.

భవానీపురంలో మా ఇంటి బాత్రూములో పరీక్షలు చేశాను. నిమ్మకాయలు కొన్ని తేలాయి, కొన్ని మునిగాయి. బత్తాయిలు మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాయి.

"ఏవండీ, బకెట్లో ఆ పళ్ళకి తలంటుతున్నారా?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"తేలుతున్నాయే, చూడు."

"తేలితే తేలాయి. రెండు ఇటివ్వండి, రసం తీస్తాను."

మర్నాడు ఆఫీసరు గారి ముందు నిలబడి చప్టా సంగతి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు. మంచి సూచన అది. నీళ్ళు దిగి ఉండగానే చప్టా దాటి వెళ్ళి, సముద్రం లేచి మళ్ళీ దిగేదాకా అక్కడే ఉండిపోవాలన్నాను. భోజనం ఎక్కడన్నారు. క్యారియర్ నేను తెస్తానన్నాను. తర్వాత బత్తాయిల సంగతి చెప్పాను.

"లైబ్రరీ గారూ, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో బత్తాయిలని రాయమంటారా నన్ను?"

"తేలే గుర్తులు అని రాయొచ్చండీ."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. అలా ఒప్పుకున్నారు.

ఆ రోజు వన్ టౌన్‌లో బుట్టెడు బత్తాయిలు, పసుపు తిరిగినవి ఏరి, జీపులో పెట్టుకుని బయల్దేరాం. కంకిపాడు, పామర్రు దాటాం. రెండు వైపులా నాట్లు, కాలవ గట్ల మీద కొంగలు. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆఫీసరు గారు ఊఁ కొడుతూనే ఉన్నారు. నా సిద్ధాంతం ప్రకారం పళ్ళు మొదట సముద్రం వైపు పోవాలి. కాబట్టి ఆయన్ని కాలవ మొగ దగ్గర ఇసకలో గొడుగిచ్చి కూర్చోబెట్టాను. పళ్ళు సుడి తిరగడం మొదలవగానే నాకు ఫోన్ చెయ్యాలి. నేను బుట్టతో గేటు దగ్గరికి నడిచాను.

గేటు దగ్గర షిఫ్టు ఆపరేటరు ఉన్నాడు. అతనిది తిరువూరు అవతల, సముద్రానికి దూరంగా ఉన్న మెట్ట ఊరు. మర్యాదస్తుడు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాడు. బోర్డు పక్కనే గోడకి సముద్రం లేచే, దిగే వేళల పట్టిక అంటించి ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. అతను పట్టిక చూసుకుని, కాలవ చూసుకుని, ఫోన్ తీశాడు.

"మేడమ్, ఆటు మొదలైంది. తెరుస్తున్నా."

"తెరవండి" అన్న మాట నాకూ వినపడింది.

చక్రం తిప్పాడు. నీళ్ళు దూకాయి. నా ధ్యాసంతా బుట్ట మీదే. ఎత్తి ఒక్కసారే కుమ్మరించాను. పళ్ళన్నీ మునిగి, బుడుంగుబుడుంగుమని లేచి, ఒక్క క్షణం అక్కడక్కడే తిరిగి, తర్వాత పిల్లలు బడికి పోయినట్టు వరసగా నడవడం మొదలుపెట్టాయి. చప్పట్లు కొట్టబోయి ఆగాను. నాకు దిక్కు తప్పిందేమో అనిపించింది.

"సముద్రం ఎటు బాబూ?"

"అదిగోండి, కుడిచేతి వైపు."

పళ్ళు ఎడమచేతి వైపు పోతున్నాయి.

విజయవాడవాళ్ళం, కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళం. నీళ్ళంటే కిందికి పోయేవే అని మన ఒంట్లో ఇంకిపోయింది. కళ్ళ ముందు కనిపిస్తున్నా మనసు ఒప్పుకోలేదు. నీళ్ళు దిగి ఉన్నప్పుడు చప్టా దాటినవాళ్ళకి ఇక వచ్చేది లేచే వేళేనని కూడా నాకు తట్టలేదు. ఫోన్ మోగింది.

"ఏవండీ లైబ్రరీ గారూ, ఒక్క కాయా రాలేదు. ఎండ మండిపోతోంది ఇక్కడ. వదిలారా లేదా?"

"వదిలానండీ. అవి ఇటు పోతున్నాయి."

"ఎటు?"

సమాధానం చెప్పే తీరిక లేదు. పళ్ళు వేగం అందుకున్నాయి. ఫోన్ జేబులో పడేసి గట్టు మీద పరుగెత్తాను. అప్పటికే నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. మోకాళ్ళు ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉన్నాయి, నేను వినిపించుకోలేదు. పళ్ళు వంపు తిరిగితే నేనూ తిరిగాను. ఒకచోట మడ చెట్ల వేళ్ళలో చిక్కుకుని ఆగాయి, నేనూ ఆగి రొప్పాను. విడిపించుకుని కదిలాయి, కదిలాను. నా వెనక ఆపరేటరు, 'సార్, పడతారు సార్' అంటూ. పుస్తకాల్లో ఎన్నో ప్రయోగాలు చదివాను. నా కళ్ళ ముందు, నా కాళ్ళ కింద జరుగుతున్న ప్రయోగం అదొక్కటే. సిద్ధాంతం తలకిందులైందని తెలుస్తూనే ఉంది. నాకేమో ఆనందం ఆగడం లేదు.

రేవులో ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వల గూడు సరిచేసుకుంటోంది. మొదటి బత్తాయి వచ్చి ఆవిడ మోకాలికి తగిలింది. తీసి చూసింది. రెండోది, మూడోది వచ్చాయి. కాసేపటికి పసుపు పళ్ళు ఆవిడ గూళ్ళ చుట్టూ గుంపు కట్టాయి. ఆవిడ తలెత్తి, రొప్పుతూ నిలబడ్డ నన్ను చూసింది.

"ఏంది సీసాల బాబుగారూ, సీసాలు మానేసి పళ్ళ యాపారం పెట్టారా?"

"గేటు దగ్గర వేశానమ్మా. వాటంతట అవే వచ్చాయి."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చేతిలో పండుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నాకిచ్చింది. బత్తాయి వాసన కాదు. బ్లీచింగ్.

వెంటనే సీసా నింపాను. ఇంతలో ఆపరేటరు ఫోన్ చేస్తే ఇంజనీరమ్మ గారు గట్టు మీద స్కూటీ వేసుకుని వచ్చేశారు. ఆవిడ రేవులో పళ్ళు చూశారు, నీళ్ళు చూశారు. మొహం తెల్లబోయింది. "మేం రూలు ప్రకారమే తెరుస్తున్నామండీ. ఒక్కరోజు కూడా తప్పలేదు" అన్నారు. నిజమే చెబుతున్నారని నాకు తెలుసు.

"ఇంత పోటు మీద గేటెత్తితే నీళ్ళు మా ఇంటికి రాక ఎక్కడికి పోతాయి తల్లీ?" అంది పీతలావిడ.

ఆపరేటరుకి పౌరుషం వచ్చింది. "పోటు కాదమ్మా. ఇది ఆటు. పోటులో మేం చక్రం ముట్టుకోం."

"ఆటా? ఆటేంది?"

"అదేనమ్మా, నీళ్ళు పైకెక్కి ఇలా ఆడతాయి చూడు, అది ఆటు. తర్వాత పోతాయి. పోయేది పోటు."

"ఓర్నీ. పోయేది పోటని ఎవరు చెప్పారయ్యా నీకు? పోయేది పాటు. వచ్చి పొడిచేది పోటు."

"పొడిచేదా?"

"కత్తిపోటు అనవా? సముద్రం వచ్చి కాలవని పొడవటంలా? మీ ఊళ్ళో కత్తి పోటేస్తే పోతదా లోపలికొస్తదా?"

రేవులో ఉన్న పల్లెవాళ్ళు ఘొల్లుమన్నారు.

ఇంజనీరమ్మ గారు మాత్రం నవ్వలేదు. "రోజూ నాకు ఫోన్ చేసి ఆటు మొదలైందంటారు" అన్నారు మెల్లగా. "నేను తెరవండంటాను." ఒకే మాట రోజూ ఇద్దరూ అనుకుంటున్నారు. ఇద్దరూ తలో దిక్కు చూస్తున్నారు. ఆటు అంటే ఆవిడకి నీళ్ళు దిగడం, అతనికి నీళ్ళు లేవడం. పట్టికలో ఇంగ్లీషులో నీళ్ళు లేచే వేళ అని ఉన్నచోట అతను ఆటు అని లెక్కేసుకున్నాడు. తర్వాతి షిఫ్టువాళ్ళకి అతనే నేర్పాడు. పైగా అది సబబుగానే తోచింది వాళ్ళకి. కాలవ నిండుగా ఉన్నప్పుడు వదిలితే నీళ్ళు కలిసిపోతాయి కదా, బురద తేలినప్పుడు ఎవరైనా వదులుతారా! ఇంజనీరమ్మ గారు పల్లె పెద్దలకి కూడా, 'మేం ఆటులోనే వదులుతున్నామండీ' అని ఒకసారి చెప్పారట. వాళ్ళకి పోటూ పాటే కానీ ఆటు అన్న మాటే లేదు. ఏదో గవర్నమెంటు మాట అనుకుని తలూపారట.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. "సార్ చదువుకున్నోరు కదా, ఏది ఏదో చెప్పండి సార్" అన్నాడు ఆపరేటరు, ఇంకా ఆశ చావక.

జీవితంలో ఆటుపోట్లు, వ్యాపారంలో ఆటుపోట్లు, రాజకీయాల్లో ఆటుపోట్లు. నేను చదివిన అన్ని పుస్తకాల్లోనూ ఆ రెండు మాటలూ చేతులు పట్టుకునే వచ్చాయి. విడిగా ఒక్కసారి ఎదురుపడలేదు. వాటిలో ఏది ఎవరో అడగాలని నాకూ తోచలేదు. బోర్డు ఫోటో తీసుకున్నవాణ్ణి కదా నేను!

"ఆవిడ చెప్పిందే ఒప్పుకుందాం బాబూ" అన్నాను. "పళ్ళు కూడా ఆవిడ పక్షమే."

ఆ మాటతో ఇంజనీరమ్మ గారు కదిలారు. "ముందు గేటు దించండి" అన్నారు. ఆపరేటరు గట్టు మీద పరుగు తీశాడు. అతనికి ఎదురుగా మా ఆఫీసరు గారు, గట్టు మునిగిన చోట ప్యాంటు మడిచి, బూట్లు ఒక చేత్తో గొడుగు ఒక చేత్తో, ఎండకి కందిపోయి వచ్చారు. ఏం జరిగిందో చెప్పాను. ఆయన నీళ్ళలోకి దిగి, ఒక పండు తీసి, వాసన చూశారు.

"అమ్మా" అన్నారు పీతలావిడతో, "ఆఫీసులో నేను కుర్చీ వెనక్కి జరిపాను. జరపకుండా ఉండాల్సింది."

"పోనీలే బాబూ. అది కరిచే పీతే" అందావిడ.

చప్టా తేలేదాకా వెళ్ళడానికి లేదు కాబట్టి అందరం ఆ రేవులోనే కూర్చుని నా క్యారియర్ పంచుకున్నాం. అక్కడే కొత్త బోర్డు గురించి పంచాయితీ జరిగింది. ఆపరేటరు గేటు దించి వచ్చి, ఆటు తీసి పాటు అని రాయిద్దామన్నాడు. పాటు అంటే 'దాంతో పాటు' అనుకునేవాడు రేపు ఇంకొకడు వస్తాడన్నారు ఇంజనీరమ్మ గారు. ఆటు పక్కన అర్థం రాద్దామన్నాను నేను. ఆ మాట మీద నాకు మమకారం. అర్థమే రాసేటప్పుడు మాట ఎందుకండీ అన్నారు ఆఫీసరు గారు. చివరికి నిలిచింది ఇది: 'నీళ్ళు సముద్రం వైపు పోతున్నప్పుడే గేటు తెరవాలి.' కింద సముద్రం వైపు ఒక బాణం గుర్తు. అందులో అందం ఏమీ లేదు. తిరువూరు మనిషికీ రేవు మనిషికీ ఒకే అర్థం వస్తుంది, అంతే. ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకి నేను చెప్పగలిగింది కూడా ఇంతే: నువ్వు రాసిన మాట నీకెలా వినపడుతోందో కాదు, చక్రం తిప్పేవాడికి ఎలా వినపడుతోందో వెళ్ళి అడుగు. అడగడానికి సిగ్గుపడకు. ఎంత చదివినవాళ్ళమైనా సరే.

నా సిద్ధాంతం పూర్తిగా తప్పు కాదని తర్వాత తేలింది, అది కూడా చెప్పుకోనివ్వండి. సరైన వేళకి గేటు తెరిచినా, ఆలస్యంగా వదిలిన నీళ్ళు కొన్ని మొగ దగ్గరే తచ్చాడి తర్వాతి పోటుకి వెనక్కి వస్తున్నాయి. నీళ్ళు దిగడం మొదలవగానే గేటు తెరిచి, సగం దిగేలోపే మూసేయాలని ఇంజనీరమ్మ గారు నియమం పెట్టుకున్నారు. మా ఆఫీసరు గారు ఫిర్యాదు మూయలేదు. పైవాళ్ళు అడిగితే కారణం రాసి పంపారు. అందులో 'తేలే గుర్తులు' అని రాయలేదు, బత్తాయిలనే రాశారు. కొత్త అనుమతిలో, రేవు దగ్గర శాంపిలు నీళ్ళు లేచినప్పుడూ దిగినప్పుడూ రెండుసార్లూ తీయాలన్న షరతు ఎక్కింది. సముద్రం చాలా పెద్దది, ఎంత పోసినా ఏమీ కాదనే ధైర్యం మనందరికీ ఉంది. అది తగ్గాలంటే ఇలాంటి చిన్న షరతులే దిక్కు.

కానీ షరతులు మారితే పామర్రు ముక్కులు మారతాయా? అసలు కేసు అక్కడుంది. నీళ్ళు బాగుపడ్డాక కూడా ఆవిడ వెంటనే సరుకు తీసుకెళ్ళలేదు. పాత గూళ్ళు తీసేసి కొత్త వలతో కట్టుకుంది. ఇంకొన్ని పోట్లు రానీయండి, కాలవ కడుక్కోనీయండి అంది. నేను లేచిన నీళ్ళలో సీసా నింపుకురావడం, ల్యాబ్‌లో పాసవడం, ఆవిడకి ఫోన్ చేయడం, ఆవిడ, 'మీ ల్యాబ్ సరే, పామర్రు పాస్ చెయ్యొద్దూ' అనడం, ఇలా కొన్నాళ్ళు సాగింది.

ఒక రోజు ఆవిడే ఫోన్ చేసింది. రేపు వెళ్తున్నానంది. నన్ను రమ్మనలేదు, నేనే వెళ్ళాను. ఉండబట్టలేక తొలి బస్సుకే పామర్రులో దిగాను. మార్కెట్లో ఆవిడ తన చోటులో కూర్చుంది. గంప మీద తడిగుడ్డ. పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గర బేరాలు సాగుతున్నాయి. ఈవిడ గంప దాకా వచ్చి, మనిషిని గుర్తుపట్టి పక్కకి తప్పుకుంటున్నారు. నేను వెళ్ళి కొనబోతే కళ్ళతోనే వద్దంది. 'మీరు కొంటే కొన్నట్టు కాదు బాబుగారూ, కాస్త ఎడంగా ఉండండి' అంది నెమ్మదిగా. ఎడంగా నిలబడ్డాను. నా శాంపిలు ఏదీ నన్నింత భయపెట్టలేదు.

చాలాసేపటికి ఒక పెద్దాయన వచ్చాడు. ఏదో పెళ్ళివారి వంట చేయించేవాడిలా ఉన్నాడు, వెనక సంచులు పట్టుకున్న మనిషి. గంప ముందు ఆగాడు. ఆవిడ గుడ్డ తీసింది. ఆయన వంగి ఒక పీతని వెనక నుంచి ఒడుపుగా పట్టుకుని ఎత్తి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒకసారి చూశాడు. తిప్పి రెండోసారి చూశాడు. గంపలో పడేశాడు. ఆవిడ మొహంలో రంగు పోయింది.

"ఎంతకిస్తావు?" అన్నాడు.

ఆవిడ చెప్పింది.

"మరీ అంతా? ఇదేమైనా బంగారు పీతా? తగ్గించి చెప్పు."

మార్కెట్లో ఎన్ని బేరాలు విన్నాను నేను. ఇంత కమ్మగా ఏదీ వినపడలేదు. వద్దనుకున్న సరుకుకి ఎవరూ బేరమాడరు. ఆవిడకీ ఆ సంగతి తెలిసింది. నడుము నిటారైంది. గొంతు, మా ఆఫీసులో గంప దించిన నాటి గొంతు, తిరిగొచ్చింది.

"తగ్గేది లేదు. బతికున్న సరుకు. ఇష్టమైతే తీసుకో, లేకపోతే ముందుకెళ్ళి చచ్చిన పీతలు కొనుక్కో."

గుడ్డ మళ్ళీ గంప మీద కప్పేసి, ఆయన వైపు చూడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.